రైసుమిల్లు స్టాపులో దిగిన జట్టు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మోకాళ్లు నొప్పి, కళ్లద్దాలు మార్చుకోవాలి, రాసినా చదివేవాళ్లెవరని ఒక నీరసం. కానీ మొన్న నర్సీపట్నం గ్రంథాలయంలో, ఎప్పుడూ నేను కూర్చునే కిటికీ పక్క బల్ల మీద, మా హైస్కూలు వేడుకకి అచ్చువేసిన సంచిక ఒకటి కనబడింది. ఆటల పేజీ తీశాను. కబడ్డీ మగపిల్లల గెలుపులు, వాలీబాల్ వాళ్ల గెలుపులు, కప్పులు పట్టుకున్న ఫోటోలు అన్నీ ఉన్నాయి. అడుగున ఒక్క వాక్యం: మా ఏడాది బాలికల ఖోఖో జట్టు ఆడిన అన్ని ఆటలూ ఓడిపోయిందని.

అన్నీ కాదు. ఒకటి గెలిచాం.

నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. మిగిలిన చదువంతా ఈ గ్రంథాలయం బల్ల మీదే. మధ్యాహ్నం ఇంటి పనయ్యాక వచ్చి తలుపులు మూసేదాకా చదువుతాను. అర్థంకాని మాట వస్తే నిఘంటువు దించుకుంటాను. చరిత్ర పుస్తకాల బీరువా అడుగు అరతో సహా పూర్తిచేశానని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. అన్ని చదివాక నాకు తోచిందేమిటంటే, రాసినాయన అక్కడ లేకపోతే ఎవరో చెప్పింది రాస్తాడు, ఆ చెప్పినాయన చూసింది కొంతే అయివుంటుంది. మా విషయంలో జరిగింది అదే.

ఆ సంచిక తయారుచేసిన కుర్ర వ్యాయామ మాస్టారి దగ్గరికి వెళ్లాను. మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు.

"పాత రికార్డులేం లేవు మేడమ్. ఊళ్లో పెద్దవాళ్లని అడిగి రాశాం. ఆ టీము ఎప్పుడూ మిల్లు దగ్గరే దిగిపోయేవారని అందరూ ఒకేమాట చెప్పారండి."

వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఎప్పుడూ మిల్లు దగ్గరే దిగిపోయాం. గెలిచిన రోజు కూడా.

ఈ దిగడం సంగతి ఇప్పటివాళ్లకి తెలియదు. అప్పట్లో మా బడి జట్లు పొరుగూరికి ఆడటానికి వెళ్తే సాయంత్రం బస్సులో తిరిగొచ్చేవి. ఊరి మొదట్లో రైసుమిల్లు స్టాపు, ఆ తరువాత బజారంతా దాటితే బస్టాండు. గెలిచిన జట్టు బస్టాండు దాకా వచ్చేది. మిల్లు దాటిన దగ్గర్నుంచీ బస్సు రేకు మీద దరువులు, ఈలలు. బస్టాండులో టీకొట్టు పిన్ని బాణలిలోంచి అప్పుడే తీసిన పకోడీలు గుప్పెడు గుప్పెడు పంచేది. ఓడిన జట్టు మిల్లు దగ్గరే దిగిపోయి, ఊక బూడిద కుప్పల పక్క సందులోంచి ఎవరింటికి వాళ్లు పోయేవారు. ఇలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు, అలా అయిపోయింది. అందుకని ఆటెలా అయిందని బస్టాండులో ఎవరూ అడిగేవారు కాదు. బస్సే చెప్పేసేది.

ఆ ఏడాది మా ఖోఖో జట్టు ఆ సందుని బాగా ఎరిగిపోయింది. చోడవరం వాళ్లతో ఓడాం. మాకవరపాలెం వాళ్లతో ఓడాం. గొలుగొండ నుంచి వచ్చిన సన్నటి పిల్లలు మా గ్రౌండులోనే మమ్మల్ని ఓడించి, మా కుండలోని నీళ్లే తాగి వెళ్లారు. మగపిల్లలు మాకు 'మిల్లు టీము' అని పేరు పెట్టారు.

"మిల్లు టీమొచ్చిందిరా, ఊక దులుపుకోండెహె!" అని వాలీబాల్ వాళ్లు అరిచేవారు. కోపమొచ్చి ఒకరోజు వాళ్ల బంతిలో గాలి తీసేసి, హెడ్‌మాస్టారి జామచెట్టు కొమ్మల్లో ఇరికించాం. బంతి వాళ్లకి దొరికింది కానీ ఆ వంకన చెట్టెక్కిన మాకు జామకాయలు కూడా దొరికాయి. అంచేత అది మా ఖాతాలో గెలుపు కిందే వేసుకున్నాం.

మా ఆటబట్టలంటే లంగాలే. పొట్టి నిక్కర్లు వేసుకోమంటే ఇళ్లలో ఊరుకుంటారా? లంగా కుచ్చెళ్లు కాళ్ల మధ్యనుంచి వెనక్కి లాగి మొలలో దోపి ఆడేవాళ్లం. మా నానమ్మ వీధరుగు మీద చింతపండు గింజలు తీస్తూ రోజూ ఒకేమాట అనేది.

"ఒలమ్మ, ఆడగుంటలు అలా ఉరుకుతా ఉంటే ఏటి బాగుంటాదే? పరిగెట్టినా గెలిసేరా, అదీ లేదు!"

మొదటి మాటకి నేను బదులు చెప్పేదాన్ని. రెండో మాటకి చెప్పలేకపోయేదాన్ని.

మా కెప్టెన్ రోలుగుంట అవతల పల్లె పిల్ల. వాళ్లది చెరుకు పండించే ఇల్లు. వారమంతా టౌన్లో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది, శనివారం సాయంత్రం ఇంటికి పోయేది. సోమవారం పొద్దున్న వచ్చేటప్పుడు దాని సంచిలోంచి కొత్తబెల్లం వాసన వచ్చేది. లెక్కల క్లాసులో ఆ వాసనకి మాకు కడుపులో ఎలుకలు పరిగెత్తేవి. మా డ్రిల్ టీచరమ్మ రాత్రి నానబెట్టిన పెసలు తెచ్చేది, కెప్టెన్ బెల్లం తీసేది. ప్రాక్టీసు అయ్యాక గ్రౌండులో కూర్చుని ఆ రెండూ కలిపి తినేవాళ్లం. ఇప్పుడు డాక్టరు బెల్లం మానమన్నాడు. మానేశాను. వాసన ఎవరు మానగలరు?

కెప్టెన్ తండ్రి మాటకారి కాదు. పొడుగ్గా, నల్లగా, బెల్లం పొయ్యి సెగకి కనుబొమలు పలచబడిన మనిషి. చెరుకు ఆడే రోజులొస్తే ఇంట్లో ప్రతి చెయ్యీ కావాలి. పిప్పి ఎండబెట్టాలి, పొయ్యి ఎగదొయ్యాలి, పాకం మీద మడ్డి తియ్యాలి. తల్లికి నడుంనొప్పి. ఆ ఏడాది కార్తీకంలో ఆయన బడికే వచ్చి, గ్రౌండు గట్టు మీద చెప్పులు విడిచి నిలబడి, టీచరమ్మ ముందే కూతురితో చెప్పేశాడు.

"సూడమ్మా. ఈ యేడు ఒక్క ఆట గెలిసేరంటే నీకు అడ్డు సెప్పను. సదువుకో, ఆడుకో, పొయ్యి కాడికి కూలిమనిషిని ఎట్టుకుంటాను. గెలవలేదనుకో, మరింక ఆటకీ వొద్దు, టౌనుకీ వొద్దు. బేగి ఇంటికొచ్చీ."

"ఒక్కటి చాలునా అండీ?" అంది టీచరమ్మ.

"ఒక్కటి సాలమ్మా. నానేటి కప్పులడిగేనా?"

ఆయన వెళ్లిపోయాక కెప్టెన్ గ్రౌండులోకి నడిచింది. వంగి, చెరిగిన ఖోఖో గళ్లకి మళ్లీ ముగ్గు పోసింది. ఆ రోజునుంచి మేం ఆడినదంతా దానికోసమే. అయినా ఓడిపోతూనే ఉన్నాం. మనసుకీ కాళ్లకీ పొత్తు కుదరాలి కదా.

చివరి ఆట ఏటికొప్పాకలో పడింది, ఒక శనివారం. తెల్లవారకముందే లేచి చద్దన్నం తిని వెళ్లాం. ఆ ఊళ్లో అడుగుపెడితే లక్క కరిగిన వాసన, పచ్చి అంకుడు కర్ర చెక్కిన వాసన. ఇళ్లముందు ఎర్రవీ పసుపువీ బొమ్మలు ఆరబెట్టి ఉన్నాయి. మేం ఆట సంగతి మరచి వాటి చుట్టూ మూగితే టీచరమ్మ చెవులు మెలేసి లాక్కెళ్లింది.

ఖోఖో తెలియనివాళ్లకి ఒక్కమాట. ఒక జట్టు వరసగా కూర్చుంటుంది. అందులోంచి ఒకత్తి లేచి తరుముతుంది, 'ఖో' అని వీపు తట్టి ఇంకొకత్తిని లేపుతుంది. రెండో జట్టు దొరక్కుండా తప్పించుకుంటుంది. ఎంతమందిని అంటుకుంటే అన్ని పాయింట్లు. ఆ రోజు చివరి తరుము మాది. పాయింట్లు సమానం. ఒక్క పిల్లని అంటుకుంటే చాలు. ఆ పిల్ల పాములా జారిపోతోంది. రెఫరీ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. నేను కెప్టెన్ వీపు తట్టి "ఖో" అన్నాను. అది లేచి, చివరి స్తంభం దాకా పరిగెత్తి, స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని మొత్తం ఒళ్లు గాల్లోకి వదిలేసింది. రెండో చెయ్యి ఆ పిల్ల జడ చివర రిబ్బనుకి తగిలింది. అప్పుడు మోగింది విజిల్.

రిబ్బను తగిలితే లెక్కా కాదా అని వాళ్లు గొడవపడ్డారు. ఓడిన ఆ పిల్లే "తగిలింది మాస్టారూ, వీపుకి కూడా తగిలింది" అంది. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మేం అరిచిన అరుపులకి గొంతులు పూర్తిగా పోయాయి. ఊరి పెద్ద ఒకాయన మా అందరికీ తలో లక్కబొంగరం ఇచ్చాడు. టీచరమ్మ అత్తగారికి ఒంట్లో బాగాలేదని అక్కణ్నుంచే తుని వెళ్లాలి. మమ్మల్ని బస్సెక్కించి, "పిల్లల్ని జాగ్రత్తగా దింపండి" అని కండక్టరుకి అప్పజెప్పి ఆవిడ వెళ్లిపోయింది. గెలిచామని చెప్పాలని ఆవిడకి తోచలేదు. మాకా, చెప్పడానికి గొంతు లేదు. బస్సు కిక్కిరిసి ఉంది. వెనకాల కొబ్బరికాయల బస్తాల మీద ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయాం.

ఆ కండక్టరు మంచివాడు. ఆ ఏడాదంతా మమ్మల్ని మిల్లు దగ్గర దింపినవాడు ఆయనే. మేం అడగక్కర్లేకుండా, ఎవరి మొహమూ చూడకుండా, మెల్లిగా బెల్లు కొట్టేవాడు. ఆ రోజూ నిద్రపోతున్న మమ్మల్ని చూసి, పాపం మళ్లీ ఓడేరు అనుకున్నాడు. బస్సు ఆపించి, భుజాలు తట్టి లేపాడు.

"లెగండమ్మా, లెగండి. మీ స్టాపొచ్చింది. పరవాలేదులే, వొచ్చే యేడు సూసుకుందురు."

అలవాటైన గొంతు, అలవాటైన చోటు. కళ్లు నలుపుకుంటూ వరసగా దిగిపోయాం. బస్సు కదిలిపోయింది. ఊక బూడిద వాసన ముక్కుకి తగిలాక మాలో అందరికంటే చిన్నపిల్ల, అక్కని అప్పా అనే పిల్ల, అంది, గాలే తప్ప గొంతు లేని మాటతో.

"అప్పా, మనం గెలిసేం కదా? ఇక్కడ దిగీసేమేటి?"

కెప్టెన్ మొహం నేను చూశాను. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. అది బస్సు వెనకాల పరిగెత్తింది. ఖోఖోలో పరిగెత్తినట్టే పరిగెత్తింది, కానీ బస్సు మలుపు తిరిగిపోయింది.

బజారులోంచి అందరం బస్టాండుకి నడిచాం. అరవలేం కనక చప్పట్లు కొట్టుకుంటూ నడిచాం. కిళ్లీకొట్టు దగ్గర ఎవరో నవ్వారు.

"ఓడిపోయొచ్చి సప్పట్లేటే మిల్లు టీమూ?"

బస్టాండులో టీకొట్టు పిన్ని మమ్మల్ని చూసి గరిటె కింద పెట్టేసింది.

"ఒసే, మీ నాన్నొచ్చేడే" అంది కెప్టెన్‌తో. "మద్దేన్నం నుంచీ ఈ స్తంభం కాడే నిలబడ్డాడు. కూకోమంటే కూకోలేదు. సేతిలో ఏదో ఆకు పొట్లం. బస్సొచ్చింది, మీరు లేరు. ఎవలో 'నీ గుంట మిల్లు కాడ దిగీసుంటాది బావా' అని నవ్వేరు. రోలుగుంట బస్సెక్కి ఎల్లిపోయేడు. ఇప్పుడే, ఇప్పుడే ఎల్లిపోయేడే!"

ఆ తరువాత పల్లెకి బస్సు లేదు. మేనత్త ఇంటికి పోనని ఆ రాత్రి కెప్టెన్ మా ఇంట్లోనే ఉంది. నానమ్మ దానికి చోడి అంబలి పోసి, తల దువ్వి, ఎప్పుడూ లేనిది ఒక్కమాటా అనలేదు.

సోమవారం ప్రార్థనలో టీచరమ్మ మా గెలుపు చదివింది. బడంతా చప్పట్లు కొట్టింది. కానీ బడి చెప్పింది ఊరు వినలేదు. ఊరు బస్సుని చూసేసింది. టీచరమ్మ మంచిదనీ, పిల్లల్ని వెనకేసుకొస్తోందనీ అనుకున్నారు. కెప్టెన్ ఆ సోమవారం రాలేదు. వారం పోయాక టీచరమ్మ వాళ్ల పల్లెకి వెళ్లి, గెలిచారని చెప్పి చూసి వచ్చింది. "బెల్లం అయ్యేదాకా పంపరట" అని మాత్రం చెప్పింది. బెల్లం అయ్యాక కెప్టెన్ పరీక్షలకి వచ్చి రాసింది, లెక్కలు పోయాయి. ఇంక రాలేదు. అంతా ఆ స్టాపు వల్లే జరిగిందని నేననను. తల్లి నడుంనొప్పి నిజం, కూలీలు దొరకకపోవడం నిజం. కానీ ఆ సాయంత్రం బస్సు ఇంకొంచెం దూరం వచ్చుంటే ఎలా ఉండేదో అన్న ఆలోచన ముసలితనంలో కూడా వదలదు. టీచరమ్మకి బదిలీ అయింది. మరుసటేడు ఆడపిల్లల జట్టే లేదు.

సంచిక చదివిన వారంలో నేను కెప్టెన్ని వెతుక్కుంటూ వెళ్లాను. ఇంటి నడవ నీడలో కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది. ఆ పిక్కల్లోంచి కారే నూనెకి వేళ్లు నల్లబడి పగిలిపోయాయి. నన్ను చూసి లేవబోయి, మోకాలు పట్టుకుని కూలబడింది.

"స్తంభం మీద ఎగిరిన మడిసివి, ఇదేటే?" అన్నాను.

"స్తంభం పట్టుకునే లెగుస్తన్నానిప్పుడు" అంది నవ్వి.

సంచిక చూపించాను. చదివి మడిచి ఇచ్చేసింది.

"ఇప్పుడు రాయించి ఏటి సేస్తావే? ఆట పోయింది, ఆడినోళ్లలో సగం పోయేరు."

కాసేపు పిక్కలు కొట్టింది. తరువాత తనే చెప్పింది. ఆ ఆదివారం ఇంటికి వెళ్లి బొంగరం చూపిస్తే తండ్రి అటూఇటూ తిప్పి చూసి, "ఇది బజార్లో దొరకదేటి?" అన్నాడట. అది ఏడ్చింది. ఆయన పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు. దూలానికి వేలాడుతున్న ఆయన సంచిలో, మోదుగాకుల్లో చుట్టిన కొత్తబెల్లం ముద్దలు తల్లికి కనబడ్డాయి, జట్టులో ఎంతమందో అన్ని ముద్దలు. గెలిచి దిగితే చేతుల్లో పెట్టాలని, పొయ్యి మీదనుంచి దించీ దించగానే తీసుకెళ్లాడు. అవి ఎవరూ తినలేదు. చీమలు తిన్నాయి.

"నానొక్కటే అనుకున్నానే" అంది కెప్టెన్. "ఓడిపోతామని అనుకున్నోడు బెల్లం ఎందుకు సుట్టుకొస్తాడు?"

ఆయన ఆట ఆపించిన మనిషి అనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఆయన బాగా పెద్దవాడై మంచాన పడ్డాక, జ్ఞాపకాలు ముందూవెనకా అయిపోయిన రోజుల్లో, కూతురు చెయ్యి పట్టుకుని పదేపదే ఒకే సంగతి అడిగేవాడట.

"అమ్మా, ఆయాల మీరు గెలిసేరు కదే?"

"గెలిసేం నాన్నా."

"మరి బస్టాండుకి రాలేదేటి?"

ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే. నిద్రలో దిగిపోయాం అంటే నవ్వేవాడు. కాసేపటికి మళ్లీ, "బస్టాండుకి రాలేదేటి?" అలా అడుగుతూనే పోయాడు.

ఇద్దరం పిక్కల గుట్ట పక్కన కూర్చున్నాం. తరువాత కెప్టెన్ చీర దులుపుకుని, "ఏటికొప్పాక ఎల్దామేటే? మనవరాలికి బొంగరం కొనాల" అంది. బొంగరం వంక మాత్రమేనని ఇద్దరికీ తెలుసు.

మరునాడు వెళ్లాం. లక్క వాసన అలాగే ఉంది. గ్రౌండు మాకు ఆనవాలు దొరకలేదు. ఇక్కడన్నాను నేను, కాదు అక్కడంది అది. చివరికి ఒక గోడ నీడన కూర్చుని అరటిపళ్లు తిని, బొంగరం కొనుక్కుని, సాయంత్రం బస్సెక్కాం. సీట్లు దొరికాయి. దానికీ నాకూ కునుకు వస్తోంది, కానీ ఇద్దరం నిద్రపోలేదు.

రైసుమిల్లు ఎప్పుడో పోయింది. అక్కడిప్పుడు పెళ్లిళ్ల హాలు. స్టాపుకి మాత్రం పాతపేరే. బస్సు ఆగింది.

"మిల్లు, మిల్లు. దిగేవాళ్లున్నారా?" అంది కండక్టరమ్మ మా వైపు చూస్తూ. "పెద్దమ్మా, మీరిక్కడేనా?"

కెప్టెన్ నా చెయ్యి పట్టుకుంది. పగిలిన వేళ్లు గరుగ్గా తగిలాయి.

"కాదమ్మా" అంది. "మేం బస్టాండుకి."

బస్టాండు కాంప్లెక్సు అయిపోయింది, టీకొట్టు ఉన్నచోట సెల్‌ఫోన్ల షాపు. అందరూ దిగాక మేం దిగాం. మెల్లిగా, మెట్టు మెట్టుకీ ఆగి. ఎవరూ మమ్మల్ని చూడలేదు. చూడటానికేముంది, ఇద్దరు ముసలమ్మలు. కెప్టెన్ చుట్టూ చూసి అడిగింది.

"ఎక్కడే ఆయన నిలబడింది?"

ఆ షాపు ముందు చోటు చూపించాను. అక్కడికి వెళ్లి కాసేపు నిలబడింది. నేను పకోడీలు కొనుక్కొచ్చాను. నూనె బాగాలేదు. అయినా తిన్నాం.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్లకి దండాలు చెప్పుకోవాలి. అసలు పేర్లు వద్దన్నారు కనక మేం పిలుచుకునే పేర్లే రాస్తున్నాను. తలుపులు మూసే వేళ దాటినా లైటు ఆర్పకుండా కూర్చున్న గ్రంథాలయం చిట్టిబాబుకి, మళ్లీ అచ్చువేస్తే ఆ వాక్యం దిద్దుతానని మాటిచ్చిన కుర్ర డ్రిల్ మాస్టారికి, వాళ్లమ్మ పకోడీల సంగతులు గుర్తుచేసిన టీకొట్టు పిన్ని కూతురు బుజ్జికి, ఇప్పుడు లేని మా టీచరమ్మకి, మా మీద జాలితోనే బెల్లు కొట్టిన కండక్టరు బాబాయికి, బస్సు కదిలాక మొదట నోరు విప్పిన మా జట్టు పొట్టిదానికి, నడవలో కూర్చుని ఇంకా పిక్కలు కొడుతున్న మా కెప్టెన్‌కి.

ఆఖరున, బెల్లం పొట్లం పట్టుకుని స్తంభం దగ్గర నిలబడ్డ నాన్నగారికి. మేం బస్టాండుకి వచ్చామండీ. కాస్త ఆలస్యమైంది.